కోతకు శంకుస్థాపన

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ను కోత పెట్టడానికి ముందు గంట లోపలే ఇవ్వాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చిన రోజున మా ఆస్పత్రిలో ఎవరూ కంగారు పడలేదు. ఉత్తర్వులు మాకు కొత్త కాదు. వాటికోసం వేరే గది ఉంది. అయితే ఈ ఉత్తర్వుకు ఇంకో కాగితం అంటుకుని వచ్చింది. ఈ నియమాన్ని ఎంత శాతం పాటిస్తున్నారో నెలనెలా తెలియజేయాలని, శాతం తక్కువ వచ్చిన ఆస్పత్రుల సూపరింటెండెంట్లను స్వయంగా పిలిపించుకుని మాట్లాడతామని అందులో రాశారు. అప్పుడు కంగారు పడ్డాం.

నేను ఆ ఆస్పత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు గోవిందరాజులు. కాగితం వచ్చిన సాయంత్రానికల్లా నన్ను నాణ్యతా సమన్వయాధికారిని కూడా చేశారు. జీతం అదే, గది అదే, కుర్చీకి మాత్రం చేతులు వచ్చాయి. ఆ చేతుల మీద మోచేతులు ఆనించుకుని కూర్చుంటే నా కుడి గజ్జలో ఉన్న హెర్నియాకు కూడా కాస్త సుఖంగా ఉండేది.

ఆ హెర్నియా సంగతి ఇక్కడే చెప్పేయాలి. దగ్గితే బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి వెళ్లిపోయేది. మా సర్జన్ త్రివిక్రమ్ గారు కనిపించినప్పుడల్లా హెచ్చరించేవారు. "గోవిందరాజులు గారూ, ఏదో ఒక రోజు అది బయటికొచ్చి ఇక లోపలికి పోనంటుంది. అప్పుడు పేగు చచ్చిపోతుంది. ఆ తర్వాత మీరు. వచ్చి చేయించుకోండి" అనేవారు. నేను నవ్వి తప్పించుకునేవాణ్ణి. నా ఆస్పత్రి మీద నాకు గౌరవం చాలా ఉంది, అందుకే భయం కూడా ఉంది.

శాతం లెక్క కట్టడం నా మొదటి పని. ఒక వారమంతా ఆపరేషన్లు గమనించి లెక్క వేస్తే సున్నా వచ్చింది. మళ్లీ వేశాను. ఇంకా తగ్గే అవకాశం లేదు కాబట్టి అదే వచ్చింది.

కారణం ఎవరికీ తెలియనిదేం కాదు. వార్డు ఇంజెక్షన్ల బీరువా తాళం సిస్టర్ ఎస్తేరు రాణి గారి దగ్గర ఉంటుంది. ఎప్పుడో తాళం చేతులు మారినప్పుడు రెండు సీసాలు కనిపించకుండా పోయాయి. ఆ విచారణ తేలేదాకా తాళం ఒక్కరి దగ్గరే ఉండాలని ఉత్తర్వు. అప్పట్లో ఆవిడ రాత్రి డ్యూటీలో ఉన్నారు. విచారణ తేలలేదు, ఆవిడకు పగటి డ్యూటీ రాలేదు. ఆవిడ ప్రతిరోజూ తెల్లవారుతుండగా ఆ రోజు ఆపరేషన్ ఉన్న వాళ్లందరినీ వరసగా పడుకోబెట్టి ఇంజెక్షన్లు వేసేసి, ఏడు గంటలకు తాళం తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు. త్రివిక్రమ్ గారు ఓపీ ముగించుకుని చేతులు కడిగేసరికి పదకొండు అవుతుంది. అప్పుడు రోగి తాలూకు వాళ్లు వర్జ్యం ఉందని ఇంకో గంట ఆపుతారు. ఇంజెక్షన్ మందు తన పని తాను చేసుకుని, ఎవరూ రాకపోయేసరికి ఒంట్లోంచి వెళ్లిపోతుంది.

సూపరింటెండెంటు వైకుంఠరావు గారు సమావేశం పెట్టారు. నేను సున్నాను ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

మత్తు డాక్టరు నూర్జహాన్ గారు మొదట మాట్లాడారు. ఆవిడ నెమ్మదస్తురాలు. "ఇందులో ఏముందండీ. థియేటర్లో మత్తు ఇచ్చేముందు ఆ ఇంజెక్షన్ కూడా నేనే ఇచ్చేస్తాను. మందు థియేటర్లో పెట్టించండి, చాలు."

ఎవరో ఏదో అనకూడనిది అన్నట్టు అందరం కాగితాల్లోకి చూసుకున్నాం.

"డాక్టరమ్మా, మీ సూచన అభినందనీయం" అన్నారు వైకుంఠరావు గారు. "కానీ పాలనాపరమైన పరిమితులు మీకు తెలియవు. బీరువా వార్డుకు చెందిన ఆస్తి. థియేటరు వేరే విభాగం. మందు అక్కడినుంచి ఇక్కడికి రావాలంటే బదిలీ చేయాలి. ప్రస్తుతం అన్ని రకాల బదిలీల మీద నిషేధం అమల్లో ఉంది."

"అది ఉద్యోగుల బదిలీల మీద కదండీ?"

"అన్ని రకాల అని ఉంది. ఉద్యోగులు అని లేదు. గోవిందరాజులు గారూ, ఉందా?"

"లేదండి" అన్నాను. నిజంగానే లేదు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సమస్యను సమగ్ర దృక్పథంతో పరిశీలిద్దాం. ఈ నియమంలో రెండు అంశాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి మందు, రెండోది కోత. మందును కోత దగ్గరికి తీసుకెళ్లడం సాధ్యం కాదని తేలింది. కాబట్టి కోతను మందు దగ్గరికి తీసుకురావలసిన ఆవశ్యకత కనిపిస్తోంది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన లేచి కిటికీ తలుపు తీశారు. బయట కొత్త ప్రసూతి భవనానికి వేసిన శిలాఫలకం కనిపిస్తోంది. దాని నీడలో మేకలు పడుకుని ఉన్నాయి.

"ఆ భవనం పనులు ప్రారంభమయ్యాయా, లేదా?"

"ప్రారంభమయ్యాయండి. ఏటా నివేదికలో రాస్తూనే ఉన్నాను" అన్నాను.

"ఇటుక పడిందా?"

"లేదండి."

"చూశారా. ప్రారంభం వేరు, నిర్మాణం వేరు. ప్రభుత్వమే పాటిస్తున్న ఈ విధానాన్ని మనం వైద్య రంగానికి అన్వయించుకోలేకపోవడం మన వెనకబాటుతనం."

త్రివిక్రమ్ గారు కుర్చీలో కదిలారు. "అంటే పేషెంటు పొట్ట మీద శిలాఫలకం పెడదామంటారా?"

"ఫలకం అక్కర్లేదు. చిన్న గీటు చాలు. తెల్లవారుజామున సిస్టరు గారు ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే, ఆపరేషన్ జరగబోయే చోట బ్లేడు కొసతో ఒక గీటు. దాన్ని ప్రారంభ కోత అందాం. మిగిలిన భాగాన్ని వీలు వెంబడి పూర్తి చేసుకోవచ్చు."

నూర్జహాన్ గారు అడిగారు, "ఆ మిగిలిన భాగం మధ్యాహ్నం జరిగితే, అప్పటికి మందు ఒంట్లో ఉండదు కదండీ?"

"మందు ఒంట్లో ఉండాలని ఉత్తర్వులో ఎక్కడుందో చూపించండమ్మా."

ఆవిడ ఉత్తర్వు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. తర్వాత దాన్ని మడిచి బల్ల మీద పెట్టి, "ఎక్కడా లేదండి" అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందిందని నేను రాసుకున్నాను.

మర్నాడే మొదలుపెట్టాం. మొదటి గీటు మా గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్న ఆదెమ్మకు పడింది. ఆవిడకు పిత్తాశయంలో రాళ్లు. సిస్టరు గారు ఇంజెక్షన్ వేసి పక్కకు జరిగారు, హౌస్ సర్జన్ వచ్చి గీటు పెట్టి దూది అద్దాడు.

"అయిపోయిందా బాబూ?" అంది ఆదెమ్మ.

"ప్రారంభమైందమ్మా."

"మరి రాళ్లు?"

"అవి రెండో దశలో."

ఆ నెల మా శాతం నూరు. నేను ఆ అంకెను రాసి, కాసేపు దాని వంక చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ల సర్వీసులో నా చేతి మీదుగా నూరు పైకి వెళ్లడం అదే మొదలు. చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి.

మేం ఊహించని మేలు ఇంకొకటి జరిగింది. ఇదివరకు మంచి ముహూర్తం లేదని ఆపరేషన్లు వాయిదా వేసుకునే జనం గీటు సంగతి తెలిశాక ఎగబడ్డారు. అసలు కోత ఎప్పుడు పడినా ప్రారంభం శుభ ఘడియలో జరిగితే చాలని వాళ్ల ధైర్యం. వార్డు గుమ్మానికి పంచాంగం వేలాడదీశాం. అయితే ముహూర్తం ఏడు లోపల రావాలి, ఎందుకంటే తర్వాత తాళం ఉండదు. మా పేట సిద్ధాంతి గారు ఈ ఇబ్బంది అర్థం చేసుకుని, ఏడు దాటిన ముహూర్తాలు రోగాలకు అచ్చిరావని చెప్పడం మొదలుపెట్టారు. చుట్టాలు గీటుకు ముందు వచ్చి, ఫొటోలు తీసుకుని, స్వీటు పంచి వెళ్లేవారు. అసలు ఆపరేషన్ పూట ఎవరూ ఉండేవారు కాదు.

కొందరు గీటు మీద పసుపు పూశారు, కొందరు కుంకుమ పెట్టారు. కొన్ని గీట్లు చీము పట్టాయి. ఈ విషయం మీద మళ్లీ సమావేశం జరిగింది.

"గీటును కోత అని రాస్తున్నాం కాబట్టి ఇది ఆపరేషన్ చీము కింద లెక్క కదండీ?" అన్నారు నూర్జహాన్ గారు.

వైకుంఠరావు గారు ఓపికగా వివరించారు. "శాతం లెక్కకు అది కోత. చీము లెక్కకు అది లాంఛనం. రెండు లెక్కలనూ కలగాపులగం చేయడం వల్లనే మన దేశంలో గణాంకాలు దెబ్బతింటున్నాయి."

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే దాన్ని అలాగే నివేదికలో పెట్టాను. రాజధాని వాళ్లకూ నచ్చింది. మా ఆస్పత్రికి షీల్డు ఇచ్చారు. చెక్క మీద ఇత్తడి రేకు తాపిన భారీ షీల్డు, మధ్యలో నూరు అంకె. దాన్ని నా గదిలోనే, పెద్ద బీరువా నెత్తిన పెట్టారు. పక్క జిల్లాల వాళ్లు బస్సుల్లో వచ్చి మా విధానం చూసి వెళ్లేవారు. నేను వాళ్లకు ముందు మేకల్ని, తర్వాత వార్డునీ చూపించేవాణ్ణి.

ఈ గౌరవాలన్నీ చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఇంత పేరున్న ఆస్పత్రిలో నా హెర్నియాకు ఇక భయమెందుకని, మా ఆవిడ హైమావతికి చెప్పి వెళ్లి చేరిపోయాను. గురువారం, మంచి తిథి. సిస్టరు గారు ఇంజెక్షన్ వేశారు. హౌస్ సర్జన్ కుర్రాడు గీటు పెట్టాడు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. పంచాంగం చూసి హైమావతి "శుభం" అంది.

పదకొండయింది. త్రివిక్రమ్ గారు రాలేదు. ఎవరో ప్రముఖులు జిల్లా మీదుగా వెళ్తున్నారని, కాన్వాయ్ వెనక అంబులెన్సులో సర్జన్ ఉండాలని ఆయన్ను పంపించారు. ప్రముఖులకు ప్రయాణం నచ్చి మర్నాడు కూడా జిల్లాలోనే తిరిగారు. శనివారం పొద్దున కంప్యూటర్ ఆపరేటర్ శిరీష నా మంచం దగ్గరికొచ్చింది.

"సార్, మిమ్మల్ని డిశ్చార్జి చేసేసింది సార్."

"ఎవరమ్మా?"

"కంప్యూటర్ సార్. కోత పడినప్పటి నుంచి లెక్క వేసుకుని అదే చేసేస్తుంది."

"నాకింకా ఆపరేషన్ కాలేదమ్మా."

"అయింది సార్. గురువారం పొద్దున్నే. మీరే కదా సార్, గీటు పడగానే ఆపరేషన్ అయినట్టు ఎక్కించమని చెప్పింది." ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు, జాలే ఉంది.

"సరే, మళ్లీ చేర్చుకో."

ఆమె వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చింది. "కుడి వైపు తీసుకోవట్లేదు సార్. అయిపోయిన హెర్నియా అంటోంది. ఎడమ వైపు ఖాళీగా ఉంది. పెట్టమంటారా?"

"ఎడమ వైపు నాకు లేదమ్మా."

"అదీ నిజమే సార్" అంది శిరీష.

నేను లుంగీతోనే సూపరింటెండెంటు గారి గదికి వెళ్లాను. ఆయన కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అంతా విన్నారు.

"గోవిందరాజులు గారూ, మీరు అనుభవజ్ఞులు. మీకు తెలియనిది కాదు. రికార్డుల ప్రకారం మీకు హెర్నియా లేదు. ఉందని మీరంటే ఆపరేషన్ విఫలమైనట్టు. విఫలమైందంటే విచారణ జరగాలి. విచారణ జరపవలసింది మీ విభాగం."

"దగ్గితే వస్తోందండి."

"వ్యక్తిగతంగా మీకు అనిపించవచ్చు. సంస్థాపరంగా అది లేదు. దగ్గకుండా చూసుకోండి."

ఇంటికి వెళ్లాను. హైమావతి గీటు చూసింది. "ఆపరేషన్ ఇంతేనా? పిల్లి గీరినట్టుంది" అంది. ఇది మొదటి దశ అని చెప్పాను. "రెండో దశ ఎప్పుడు?" అంది. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. ఆమె భోజనం వడ్డించింది. ఆ పూట నాకు మొదటిసారి భయం వేసింది. ఇన్నాళ్లూ హెర్నియాకు భయపడ్డాను. ఇప్పుడు ఆ హెర్నియా ఉన్న మనిషిగా నేనెక్కడా నమోదై లేను.

కొన్నాళ్ల తర్వాత ఇంకో జిల్లా బృందం మా విధానం చూడటానికి వచ్చింది. మేకల్ని చూశారు, వార్డు చూశారు. చివర్లో షీల్డుతో ఫొటో కావాలన్నారు. అటెండరు లేడు. నేనే కుర్చీ ఎక్కి, బీరువా నెత్తి మీది షీల్డును రెండు చేతులా ఎత్తాను. గజ్జలో ఏదో తెగినట్టయింది. షీల్డుతో సహా కింద కూలబడ్డాను. హెర్నియా నిమ్మకాయంత గట్టిపడి బయటే ఉండిపోయింది. వాంతి వచ్చింది. బృందం వాళ్లు ఇదీ విధానంలో భాగమనుకుని కాసేపు నోట్సు రాసుకున్నారట.

త్రివిక్రమ్ గారు వచ్చి చెయ్యి వేసి చూశారు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "వెంటనే థియేటర్‌కి" అన్నారు.

పొద్దెక్కిపోయింది. ఎస్తేరు రాణి గారు ఎప్పుడో వెళ్లిపోయారు, తాళం ఆవిడతో వెళ్లిపోయింది. కబురందుకుని హైమావతి పరుగెత్తుకొచ్చేసరికి నూర్జహాన్ గారు థియేటరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చీటీ మీద మందు పేరు రాసి ఆమె చేతిలో పెట్టారు.

"గేటు ఎదురుగా మందుల షాపు ఉంది. పరుగెత్తండమ్మా."

హైమావతి పరుగెత్తింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పరుగెత్తడం నేను చూడలేదు, ఆ రోజూ చూడలేదు గానీ చెప్పుల చప్పుడు విన్నాను. మందు వచ్చింది. నూర్జహాన్ గారు స్వయంగా సీసా చూసి, గడియారం చూసి, నా చేతి నరంలోకి ఎక్కించారు. తర్వాత నడుముకు మత్తు ఇచ్చారు. నాకు కింద ఏమీ తెలియడం లేదు గానీ పైన అంతా తెలుస్తోంది.

త్రివిక్రమ్ గారు బ్లేడు చేతిలోకి తీసుకుని నా వైపు చూశారు. "ఏమండీ సమన్వయాధికారి గారూ, ముందు గీటు పెట్టమంటారా?"

"వద్దండి. కోసేయండి" అన్నాను. ఏడుపొచ్చింది. నూర్జహాన్ గారు నా నుదుటి మీద చెయ్యి పెట్టారు.

పేగు నల్లబడటం మొదలైందట, ఇంకాస్త ఆలస్యమైతే కోసి తీసేయాల్సి వచ్చేదట. వేడి తడిగుడ్డ చుట్టి చూస్తూ నిలబడితే మళ్లీ రంగు వచ్చిందట. గాయం చీము పట్టలేదు. వారానికల్లా నేను నడిచి ఆఫీసుకు వెళ్లాను.

నా బల్ల మీద రాజధాని నుంచి కాగితం ఉంది. మా శాతం నూరు నుంచి కిందికి జారింది. ఒకే ఒక్క ఉల్లంఘన. సంగతేమిటంటే నూర్జహాన్ గారు మందు ఇచ్చినట్టు, ఇచ్చిన వేళతో సహా ఉన్నదున్నట్టు రాశారు. కానీ నా కుడి వైపు హెర్నియా అంతకుముందే అయిపోయింది కాబట్టి ఈ ఆపరేషన్‌ను కంప్యూటరు తీసుకోలేదు. దాని లెక్కలో ఆపరేషన్ లేని మనిషికి ఎవరో అకారణంగా యాంటీబయాటిక్ ఇచ్చారు. మా ఆస్పత్రి చరిత్రలో నియమం నిజంగా పాటించిన ఆపరేషన్ అదొక్కటే. తప్పు కింద నమోదైంది కూడా అదొక్కటే.

వైకుంఠరావు గారు పిలిచారు. "బాధ్యులపై చర్య తీసుకోమంటున్నారు. డాక్టరు నూర్జహాన్ గారికి మెమో ఇవ్వండి. సమన్వయాధికారిగా మీరే సంతకం పెట్టాలి."

"ఆవిడ నన్ను బతికించారండి."

"అది మానవతా కోణం. దాన్ని వేరుగా అభినందిద్దాం. మెమో సాయంత్రంలోగా వెళ్లాలి."

నా గదికి వచ్చి, చేతులున్న కుర్చీలో కూర్చుని, మెమో రాయడం మొదలుపెట్టాను. ఆవిడ పేరు రాయవలసిన చోట చెయ్యి ఆగిపోయింది. ఆపరేషన్ అయిపోయినట్టు ప్రకటించాక కూడా హెర్నియాను దగ్గర ఉంచుకున్నది ఎవరు? అకారణంగా యాంటీబయాటిక్ పుచ్చుకున్నది ఎవరు? అసలు నేరస్తుడు రోగి. ఆ చోట నా పేరు రాసి, సంజాయిషీ అడిగి, సంతకం పెట్టి, నాకే అందజేసుకున్నాను.

తర్వాత కుర్చీలోంచి లేచి, బల్లకు ఇవతల, వచ్చినవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని జవాబు రాశాను.

"అయ్యా, మందు వేళకు అందిన మాట నిజం. దాని వెనకే కోత పడిన మాట కూడా నిజం. ఆ సమయంలో నాకు స్పృహ ఉంది. వద్దనగలిగి కూడా వద్దనలేదు. బతకాలనిపించింది. ఇకముందు ఇలా జరగదని హామీ ఇవ్వలేను."

మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చుని, దాన్ని రెండుసార్లు చదివాను. కింద "వివరణ సంతృప్తికరంగా లేదు" అని రాసి సంతకం పెట్టాను. పెడుతుంటే కుట్లు కొంచెం లాగాయి.